శ్రావస్తి జిల్లా: నాటి వైభవం, నేటి పరిస్థితి

రెండేళ్ల క్రితం మా వీధి మసీదులో వుజూఖానా తిరిగి కట్టించినప్పుడు టైల్స్ పరచడానికి ఉత్తరప్రదేశ్ నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. అసర్ నమాజు తర్వాత వాళ్లతో కూర్చుని టీ తాగడం మాకు అలవాటయింది. మన దక్కనీ ఉర్దూ విని వాళ్లు నవ్వేవారు. మేము "నక్కో" అన్నప్పుడల్లా అందులో చిన్నవాడు పొట్ట పట్టుకునేవాడు. వాడి అవధీ మాకు సగమే అర్థమయ్యేది. ఒకరోజు "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగితే "జిలా శ్రావస్తీ, చాచా" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠంలో చెప్పిన పేరది. కోసల రాజ్య రాజధాని, జేతవనం, అంగుళిమాలుడు మారిన చోటు. బిడ్డ చనిపోయిన కిసాగోతమి, చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మంటే ఇంటింటికీ తిరిగిన ఊరు. ఆ పేరుతో ఇప్పుడు ఒక జిల్లా ఉందనీ, అక్కడి నుంచి కూలికి మన ఊరు వచ్చేవాళ్లున్నారనీ మాకు తెలియదు. పని పూర్తయి డబ్బు ఇచ్చేటప్పుడు మిగతా ముగ్గురూ వోచరు మీద ఎలాగోలా సంతకాలు గిలికారు. ఈ పిల్లవాడు మాత్రం మాట్లాడకుండా బొటనవేలు ముందుకు చాచాడు. వయసు పంతొమ్మిది.

ఆ తర్వాత ఈ జిల్లా గురించి దొరికినంత చదివాము. పోయిన చలికాలం లక్నోలో బంధువుల పెళ్లికి వెళ్లి, అక్కడి నుంచి రెండు రోజులు చూసి కూడా వచ్చాము. దాతలైన మీ ముందు ఆ వివరాలు ఉంచడానికి కారణం ఉంది. అది చివర చెబుతాము.

శ్రావస్తి జిల్లా ఉత్తరప్రదేశ్‌లో నేపాల్ సరిహద్దున ఉంది. 1997లో బహ్రాయిచ్ జిల్లా నుంచి విడదీసి ఏర్పాటు చేశారు. జిల్లా కేంద్రం భింగా అనే చిన్న పట్నం. 2011 జనగణన ప్రకారం జనాభా 11,17,361. అందులో పట్నాల్లో ఉండేవారు నూటికి నలుగురు కూడా లేరు. ముస్లింలు దాదాపు 31 శాతం. ఉత్తరాన అడవి, ఆ అంచున థారూ గిరిజనుల ఊళ్లు. మధ్యలో రాప్తీ నది. నేపాల్ కొండల్లో పుట్టి వానాకాలం ఈ జిల్లాను ముంచి పోతుంటుంది. వరి, గోధుమ, చెరకు, మొక్కజొన్న పండుతాయి. రైలెక్కాలంటే పక్క జిల్లాలకు, బలరాంపూర్‌కో గోండాకో పోవాలి. 2024లో విమానాశ్రయం మాత్రం ప్రారంభించారు. మేము లక్నో నుంచి బస్సులోనే వెళ్లాము.

ఈ రాప్తీ నదే ప్రాచీన గ్రంథాల్లోని అచిరావతి. ప్రసేనజిత్తు రాజ్యమేలిన రాజధాని దాని ఒడ్డునే ఉండేది. బుద్ధుడు తన జీవితంలో పాతిక వర్షాకాలాలు ఇక్కడే గడిపాడని బౌద్ధుల సంప్రదాయం చెబుతుంది. మరే ఊళ్లోనూ ఆయన అంతకాలం ఉండలేదు. ఒక్క బౌద్ధులకే కాదు, జైనుల మూడో తీర్థంకరుడు సంభవనాథుడు పుట్టిన చోటు కూడా ఇదే. ఇప్పుడు పూర్తిగా కనుమరుగైన ఆజీవక మతానికి పెద్ద అయిన గోశాలుడు ఇదే ఊళ్లో హాలాహల అనే కుమ్మరి స్త్రీ ఇంట ఉండేవాడని జైన గ్రంథాలు రాశాయి. ఒకే ఊరి వీధుల్లో మూడు మతాల గురువులు భిక్షకు తిరిగారన్నమాట.

దాతలకు నచ్చే కథ ఇక్కడిదే ఒకటుంది. సుదత్తుడనే వర్తకుడికి దిక్కులేని వారికి అన్నం పెడతాడని అనాథపిండికుడనే పేరు వచ్చింది. బుద్ధుడికి, ఆయన శిష్యులకు విడిది కట్టించాలని ఊరి బయట ఒక తోట చూశాడు. అది రాకుమారుడు జేతుడిది. అమ్మడం ఇష్టం లేక జేతుడు "నేలంతా నాణేలు పరిస్తే ఇస్తాను" అన్నాడు. సుదత్తుడు బళ్ల మీద సొమ్ము తెప్పించి నిజంగానే పరిపించడం మొదలుపెట్టాడు. తెచ్చింది అయిపోయి గుమ్మం దగ్గర కాస్త జాగా మిగిలింది. మళ్లీ బండి పంపబోతుంటే జేతుడికే మనసు కరిగి, "ఆ జాగా వదిలెయ్యి, అది నా దానం" అని అక్కడ ద్వారం కట్టించాడు. అందుకే ఇద్దరి పేర్లూ నిలిచాయి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి భార్హుత్ శిల్పంలో ఈ సంగతంతా చెక్కి ఉంది. విప్పిన ఎడ్లు, బండి, చదరపు నాణేలు పరుస్తున్న మనుషులు కనబడతారు. ఆ రాయి ఇప్పుడు కోల్‌కతా మ్యూజియంలో ఉంది.

ఈ కథ అందరూ ఇక్కడితో ఆపేస్తారు. మాకు ఇంతకంటే నచ్చింది తర్వాతి భాగం. అనాథపిండికుడు వ్యాపారంలో దెబ్బతిని చితికిపోయాడట. అయినా దానం మానలేదు. విందు పెట్టిన చేతులతోనే నూకల అన్నం, పులిసిన గంజి పెట్టాడని చెబుతారు. లోటు వచ్చిన ఏడాది చందా పుస్తకం మూసేసే మనబోటివాళ్లు కాస్త ఆగి ఆలోచించవలసిన సంగతి. విశాఖ అనే ఇల్లాలి దానమూ అలాంటిదే. తన విలువైన నగను అమ్మకానికి పెడితే కొనే స్థోమత ఎవరికీ లేక, తానే ఆ వెల కట్టి ఆ డబ్బుతో ఊరి తూర్పున మరో విహారం కట్టించింది.

ఇంతటి ఊరు ఎప్పుడు పాడుబడింది? దీనికి ఏదో ఒక దండయాత్రను చూపించడం ఈ రోజుల్లో తేలిక. కానీ 5వ శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ కాలానికే ఊళ్లో రెండు వందల పైచిలుకు ఇళ్లు మిగిలాయి. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయన్ త్సాంగ్ శిథిలాలు చూశాడు. విహారం మాత్రం ఆ తర్వాతా బతికింది. 12వ శతాబ్దంలో కన్నోజు పాలకుడు గోవిందచంద్రుడు జేతవన భిక్షువులకు ఆరు గ్రామాలు దానమిచ్చిన రాగిరేకు అక్కడే తవ్వకాల్లో దొరికింది. ఆ రాజు బౌద్ధుడు కాడు. పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలని మాకు అనిపిస్తుంది.

తర్వాత అడవి కమ్మేసింది. పేరు కూడా పోయింది. చుట్టుపక్కల వాళ్లకు అవి సాహెత్, మాహెత్ అనే రెండు దిబ్బలు, అంతే. 1863లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ చైనా యాత్రికుల రాతలు చేతబట్టుకుని వచ్చి ఇదే శ్రావస్తి అన్నాడు. సాహెత్ జేతవనం, మాహెత్ నగరం.

మేము వెళ్లిన ఉదయం మంచు విడలేదు. జేతవనంలో ఇప్పుడున్నవి ఇటుక పునాదులే. శ్రీలంక నుంచి వచ్చిన తెల్లబట్టల యాత్రికులు గంధకుటి దగ్గర కూర్చుని వల్లిస్తున్నారు. ఆనందబోధి చెట్టు కొమ్మలకు ఇనుప ఊతలు పెట్టారు. బయట రోడ్డు పక్కన థాయ్, బర్మా, చైనా, కొరియా వాళ్ల ఆలయాలు, విడిది గృహాలు. మాహెత్ వైపు పక్కీ కుటీ, కచ్చీ కుటీ అనే రెండు పెద్ద ఇటుక కట్టడాలున్నాయి. మొదటిది అంగుళిమాలుడి స్తూపమనీ, రెండోది అనాథపిండికుడి ఇంటి చోటనీ చూపిస్తారు. కాస్త అవతల సంభవనాథుడి పేరుతో ఉన్న పాడుబడిన జైన ఆలయం. దాని మీద ఇటుక గుమ్మటం చూసి మాతో వచ్చిన బావమరిది దర్గా అనుకుని సలాం చేయబోయాడు. ఆ కాలపు తాపీ మేస్త్రీలకు తెలిసిన పనితనం అది. గుడి కట్టినా మజారు కట్టినా వాళ్ల చేయి అలాగే తిరిగింది.

అసలు దర్గా పక్క జిల్లా కేంద్రం బహ్రాయిచ్‌లో ఉంది, సయ్యద్ సాలార్ మసూద్ గాజీది. 14వ శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ వెంట ఇబ్న్ బతూతా అక్కడికి వచ్చి తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. తరతరాలుగా హిందువులూ ముస్లింలూ కలిసి వస్తున్న చోటు. మాకు సమయం చాలక వెళ్లలేదు.

ఇక ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నామో ఆ సంగతికి వస్తాము.

2011 లెక్కల్లో శ్రావస్తి జిల్లా అక్షరాస్యత 46.74 శాతం. ఉత్తరప్రదేశ్‌లో అన్ని జిల్లాల కంటే తక్కువ. మనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అందరికంటే వెనకబడిందని చెప్పుకున్న పాలమూరుకు అదే లెక్కల్లో 55 శాతం ఉంది. మగవాళ్లలో 57.16, ఆడవాళ్లలో 34.78. అంటే నూరుమంది ఆడవాళ్లను నిలబెడితే అరవై అయిదుగురికి బస్సు మీద ఊరి పేరు చదవడం రాదు. ఆ తర్వాత కొంత మెరుగుపడే ఉంటుంది, కాదనము. 2018లో కేంద్రం ఎంచిన ఆకాంక్షిత జిల్లాల్లో మన కడప, విజయనగరంతో పాటు శ్రావస్తి కూడా ఉంది. అయితే 2011లో ఏడేళ్ల పిల్ల ఇప్పుడు ఇరవై దాటింది. ఆమె బడికి పోని ఏళ్లను ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు.

పిల్లలు ఎందుకు మానేస్తారు? బడి లేక కాదు. మేము చూసిన ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉంది, గోడలకు రంగులున్నాయి, మధ్యాహ్న భోజనం ఉంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు, అంటే ఎనిమిదో తరగతి దాకా ఉచితంగా చెబుతుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బడి దూరం, ఫీజు, పుస్తకాలు, తోడు ఎవరన్న ప్రశ్న ఒక్కసారిగా మీద పడతాయి. రాప్తీ పొంగితే దారే ఉండదు. మగపిల్లలు పదిహేనేళ్లకు ముంబయి, ఢిల్లీ, గుజరాత్ దారి పడతారు, మా టైల్స్ పిల్లవాడిలాగే. ఆడపిల్లలు ఇంట్లో ఆగుతారు, తర్వాత పెళ్లి. మన దగ్గర ముప్పై ఏళ్ల క్రితం ఇలాగే ఉండేది. మా తొలి ఉద్యోగపు ఊళ్లో ఎనిమిది తర్వాత రిజిస్టరులో ఆడపిల్లల పేర్లు కొట్టేసింది మా చేతులే.

ఒక చరిత్ర కూడా గుర్తు చేయాలి. భింగా రాజా ఉదయ ప్రతాప్ సింగ్ 1909లో ఒక విద్యాసంస్థ స్థాపించారు. ఇప్పటికీ అది పేరున్న కళాశాలే. కానీ ఉన్నది కాశీలో. డబ్బూ చదువూ పెద్ద ఊళ్ల వైపే పారడం కొత్త సంగతేమీ కాదు.

మన సొసైటీ విద్యార్థి వేతనాల నిధిలో పదో వంతు ఈ జిల్లాలో తొమ్మిది నుంచి పన్నెండు చదివే ఆడపిల్లలకు కేటాయించాలన్నది మా ప్రతిపాదన. కార్యవర్గంలో దీనిమీద గట్టి వాదనే జరిగింది. "మన వీధిలో పేదలు లేరా మాస్టారూ?" అని కోశాధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్న. నిజం చెప్పాలంటే బస్సెక్కి ఆ ఊళ్లు చూడకముందు మేమూ అదే అనేవాళ్లం. జకాత్ ముందు తన ఊరి హక్కుదారులకు చేరాలని, అయితే మరో చోట అవసరం ఇంకా ఎక్కువుంటే పంపవచ్చునని హనఫీ ఉలమా చెబుతారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లల్లో మన వాళ్లూ ఉన్నారు, హరిజనవాడ పిల్లలూ ఉన్నారు, థారూ పిల్లలూ ఉన్నారు. ఒకే దారిన నడిచి ఒకే చోట ఆగిపోయినవాళ్లు. మతం అడిగి సగం మందికి సైకిలు ఇవ్వడం మాకు చేతకాదు. అందుకే జకాత్ ఖాతా ముట్టుకోకుండా, సదఖా, సాధారణ విరాళాల ఖాతా నుంచే ఇది చేయాలని మా మనవి. ఆ ఖాతాలో డబ్బు ఎవరికైనా ఇవ్వవచ్చు. మన ఊరి వేతనాలు ఒక్కటి కూడా తగ్గకూడదన్న షరతుకు మేము ముందే ఒప్పుకున్నాము. అంటే ఈ పదో వంతు కొత్తగా రావాలి.

డబ్బు చేతికి ఇవ్వడం ఉండదు. ఫీజు బడికే కట్టి, రశీదు తెప్పించుకుని, పుస్తకాలు, సైకిలు కొనిపించడం పద్ధతి. అక్కడి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు హాజరు చూసి మూడు నెలలకోసారి రాయడానికి ఒప్పుకున్నారు. మొదటి ఏడాది పదిమందితోనే మొదలుపెడదాము. అందులో ఇద్దరు మానేసినా ఎందుకు మానేశారో వచ్చే సంచికలో దాచకుండా రాస్తాము. సర్వసభ్య సమావేశంలో ఈ అంశం ఓటుకు వస్తుంది.

టైల్స్ పని చేసిన పిల్లవాడు అప్పుడప్పుడు ఫోను చేస్తుంటాడు. ఇప్పుడు పుణేలో ఉన్నాడు. మేము వాళ్లింటికి వెళ్లినప్పుడు చెల్లెలు మాకు తన హిందీ నోటుబుక్కు తెచ్చి చూపించింది. దస్తూరి గుండ్రంగా బాగుంది. రెండు తప్పులుంటే దిద్దాము, అలవాటు కదా. ఇప్పుడు ఎనిమిదో తరగతి. మార్చితో ఆ బడి అయిపోతుంది. తొమ్మిదికి పోవాలంటే నది దాటి ఏడు కిలోమీటర్లు.