ఉప్పు చెప్పే తేమ లెక్క

ధాన్యం పంటికింద కటుక్కుమంటే ఎండినట్టేనని మా శ్రీకాకుళం వైపు ఇప్పటికీ అంటారు. జంషెడ్‌పూర్ కార్ఖానాలో కొలతల మధ్యే ఉద్యోగం వెళ్లబుచ్చి అక్కడే మాంగో పేటలో స్థిరపడ్డవాణ్ణి, పంటి లెక్క మీద నాకు నమ్మకం తక్కువ. కోసిన రోజున గింజలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 వరకు ఒప్పుకుంటారు. అది అమ్మకానికి సరే, గాదెకి చాలదు. నెలల తరబడి దాచాలంటే 14కు దించాలి, విత్తనమైతే 12కి.

తూకం పోతుందని ఊళ్లో మా తమ్ముడి బాధ. పోతుంది మరి! 20 శాతం తేమ ఉన్న క్వింటాలు 14కు దిగేసరికి 93 కిలోలు. ఆ ఏడు కిలోలూ నీళ్లే. అవి లోపలే ఉంటే ధాన్యం వేడెక్కి బూజు పడుతుంది, ముక్కపురుగు చేరుతుంది.

అలాగని మండుటెండలో ఒక్కపూటలో ఆరబెట్టేద్దామంటే గింజ పగిలి, మిల్లులో నూకలవుతుంది. పరదా మీద రెండువేళ్ల మందాన పరిచి, అరగంటకోసారి కాలితో చాళ్లు తీస్తూ తిరగెయ్యాలి. పొద్దుగూకే ముందే కుప్పజేసి కప్పెయ్యాలి. ఆరిన గింజ మళ్లీ మంచు తాగితే పగుళ్లు ఇంకా ఎక్కువ. మా జంషెడ్‌పూర్ దగ్గర డిమ్నా దాటి పటమ్దా వైపు వెళ్తే కొందరు రోడ్డు మీదే ఆరబోస్తారు. గింజకి చెరుపే, కానీ చదునైన చోటు లేనివాళ్లని ఏమనగలం?

తేమ మీటరు లేదా? పొడి గాజుసీసాలో పావుకిలో ధాన్యం, బాగా ఎండిన ఉప్పు రెండుమూడు చెంచాలు వేసి, మూతబిగించి ఒక నిమిషం ఊపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకి అంటుకుంటే తేమ 15 శాతం పైనే, ఇంకా ఎండాలి.

ఎండిన గింజని చల్లారాకే సంచికెత్తాలి. మా నాన్న గడ్డి వెంటితో చుట్టిన పురిలో పోసేవాడు, ఎలకలూ వాటా తీసుకునేవి. ఇప్పుడు గాలి చొరబడని లోసంచులు వచ్చాయి. మూతి బిగిస్తే లోపలి ఆక్సిజన్ అయిపోయి పురుగు చస్తుంది, మందు గుళికలక్కర్లేదు. ఎలక ఒక్క చిల్లు పెట్టిందా, అది మామూలు సంచే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోస్తాలో కళ్లాల మీది ధాన్యం తడిసిపోయింది. ఎండే లేనప్పుడు ఆదుకునేది వేడిగాలి డ్రైయరు. విత్తనానికి 43 డిగ్రీలు మించకూడదు, మొలక పోతుంది. చిన్నరైతు ఒక్కడూ దాన్ని కొనలేడు. రోడ్డు కోసం పంచాయతీని నిలదీస్తారు కదా, ఊరికో డ్రైయరు కోసం కూడా నిలదీయండి.