వెలుగును వెంబడించిన కుంచె

ప్రకృతి ఈ క్షణం ఉన్నట్లు మరుక్షణం ఉండదు. వేకువలో బూడిదవన్నెతో కనిపించిన కొండ మధ్యాహ్నానికి పచ్చగా మెరుస్తుంది. మునిమాపు వేళకు ఊదారంగులోకి తిరుగుతుంది. మారింది కొండ కాదు, దానిపై పడే వెలుగు. అనుక్షణం మారిపోయే ఆ వెలుగును, అది చూపరి మనస్సులో కలిగించే భావాన్ని రంగులలో నిలపడం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా చిత్రకారులు కొందరు చిత్రశాల గడప దాటి ఆరుబయటికి వచ్చారు. దృశ్యం ఎదుటనే నిలిచి తైలవర్ణాలతో చిత్రించే ఈ పద్ధతిని ఫ్రెంచివారు ‘ప్లెనేర్’ అంటారు. ఆరుబయలు అని దాని అర్థం.

అంతకుముందు చిత్రకారులు బయటికి వెళ్లలేదని కాదు. వెళ్లి, రేఖాచిత్రాలో చిన్న నమూనాలో వేసుకొని వచ్చేవారు. అసలు చిత్రాన్ని మాత్రం చిత్రశాలలో, కిటికీ నుండి వచ్చే నిలకడైన వెలుతురులో పూర్తిచేసేవారు. ఈ విషయంలో ఆంగ్ల చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ ముందడుగు వేశాడు. 1821, 1822 సంవత్సరాలలో ఆయన లండన్ సమీపంలోని హాంప్‌స్టెడ్‌లో ఆకాశాన్ని చూస్తూ మేఘాలను తైలవర్ణాలతో చిత్రించాడు. ఆ చిత్రాల వెనుక తేదీ, సమయం, గాలి వీచిన దిక్కు కూడా రాసుకొన్నాడు. తరువాత ఫ్రాన్సులో ఫాంటేన్‌బ్లో అడవి అంచునగల బార్బిజాన్ గ్రామం ప్రకృతి చిత్రకారులకు నెలవైంది. దోబిన్యీ అనే చిత్రకారుడు ఒక పడవనే చిత్రశాలగా మార్చుకొని నదులపై తిరుగుతూ చిత్రాలు వేశాడు.

కళలోని ఈ మార్పుకు ఒక చిన్న వస్తువు ఎంతో తోడ్పడింది. తైలవర్ణమంటే రంగుపొడిని అవిసెనూనె వంటి నూనెతో నూరి చేసిన ముద్ద. పూర్వం ఈ ముద్దను పంది మూత్రాశయపు తిత్తులలో కట్టి ఉంచేవారు. తిత్తిని గుచ్చి రంగు తీసిన తరువాత దానిని సరిగా మూయడం సాధ్యం కాదు; ప్రయాణంలో అది పగలనూవచ్చు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు గొట్టానికి పేటెంటు పొందాడు. ఈనాడు మనం వాడే పళ్లపొడి ముద్ద గొట్టం వంటిదే అది. కావలసినంత రంగు తీసుకొని మూత బిగిస్తే మిగిలినది ఎండిపోకుండా ఉంటుంది. రంగులు పెట్టెలో సర్దుకొని రైలెక్కి పల్లెలకు, సముద్రతీరాలకు వెళ్లడం చిత్రకారులకు దీనివల్ల సులభమైంది.

నీటిరంగు త్వరగా ఆరిపోతుంది. తైలవర్ణం అలా కాదు. అందులోని నూనె ఆవిరైపోదు. గాలిలోని ఆమ్లజనిని గ్రహిస్తూ మెల్లగా గట్టిపడుతుంది. దానికి రోజులు పడుతుంది. ఈ ఆలస్యమే ఆరుబయటి చిత్రకారునికి వరమూ పరీక్షా. తడి ఆరని రంగుల అంచులను ఒకదానిలో ఒకటి కలిపి పొగమంచును, నీటిపై నీడలను మృదువుగా చూపవచ్చు. కాని కుంచెతో అదేపనిగా కెలికితే రంగులన్నీ కలిసి బురదగా మారతాయి. అందువల్ల ఏ రంగు ఎక్కడ వేయాలో ముందే నిర్ణయించుకొని, వేసినదానిని అలాగే వదిలివేసే నిగ్రహం అవసరం.

కాలంతో పోటీపడే ఈ పనికి ఒక క్రమం ఉంది. చిత్రకారుడు మొదట కనులు సగం మూసి దృశ్యాన్ని చూస్తాడు. అప్పుడు ఆకులు, రెమ్మలు వంటి వివరాలు మరుగై, వెలుగు చీకట్ల పెద్ద భాగాలు మాత్రమే కనిపిస్తాయి. వాటినే ముందుగా పలుచని రంగుతో గుర్తిస్తాడు. సూర్యునితోపాటు నీడలు జరిగిపోతాయి కాబట్టి వాటి స్థానాలను మొదటనే స్థిరపరచుకొంటాడు. గంటా రెండు గంటలు గడిచి వెలుగు పూర్తిగా మారిందంటే పని ఆపి, మరునాడు అదే వేళకు తిరిగి వస్తాడు. మారిన వెలుగునల్లా వెంబడిస్తూ దిద్దితే ఆ చిత్రం ఏ వేళదీ కాకుండా పోతుంది. ఎండ నేరుగా కాన్వాసుపై పడకుండా గొడుగు పాతుకోవడం కూడా ముఖ్యమే. ఎండలో ప్రకాశవంతంగా తోచిన రంగులు ఇంటిలోకి తెచ్చి చూస్తే వెలవెలబోతాయి.

ఆరుబయట నిలిచినవారు గ్రహించిన గొప్ప సత్యం నీడకు రంగు ఉందన్నది. ఎండ తగలని చోటికి కూడా ఆకాశపు నీలికాంతి ప్రసరిస్తుంది. అందుచేత ఎండ పడినచోట పసుపుదనం, నీడపట్టున నీలిదనం కనిపిస్తాయి. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మొనే 1868-69 శీతకాలంలో చిత్రించిన ‘మాగ్‌పై’లో మంచుపై పరచుకొన్న కంచె నీడలు నీలిరంగులో ఉంటాయి. 1869లో పారిస్ అధికార ప్రదర్శనశాల ఆ చిత్రాన్ని తిరస్కరించింది. ఈనాడు అది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. 1874లో మొనే, ఆయన మిత్రులు స్వయంగా ప్రదర్శన ఏర్పాటు చేసుకొన్నప్పుడు, ఆయన చిత్రం పేరులోని ‘ఇంప్రెషన్’ అనే మాటను పట్టుకొని లూయీ లెరువా అనే విమర్శకుడు ఎగతాళి చేశాడు. ఎగతాళిగా అన్న ఆ ‘ఇంప్రెషనిస్టులు’ అనే మాటే వారికి స్థిరమైన పేరైంది.

మొనే సాధనలో శిఖరప్రాయమైనవి 1890-91లో జివెర్నీ గ్రామంలో తన ఇంటి దాపున వేసిన చిత్రాలు. వీటిని గడ్డివాములని పలువురు వ్యవహరిస్తారు. నిజానికి అవి వాములు కావు, నూర్పిడికి ముందు రైతులు వేసిన గోధుమ కుప్పలు. ఆ కుప్పలనే ఆయన సుమారు ఇరవై అయిదు చిత్రాలలో చూపాడు. ఒకే వస్తువు వేసవి చివరి ఎండలో నిండుగా, నిశ్చింతగా కనిపిస్తుంది. మంచు కప్పిన ఉదయాన ఒంటరిగా, బెంగగా తోస్తుంది. సూర్యాస్తమయంలో నిప్పుకణికలా జ్వలిస్తుంది. రంగుల వెచ్చదనం, చల్లదనం, వెలుగు నీడల మధ్యగల అంతరం మారడంవల్లనే ఈ భావభేదం కలిగింది. వెలుగు మారినప్పుడల్లా ఆయన ఒక కాన్వాసు పక్కనపెట్టి, ఆ వెలుగుకు తగిన మరొకటి అందుకొనేవాడు. 1891లో పోప్లార్ చెట్లను చిత్రిస్తున్నప్పుడు వాటిని అమ్మకానికి పెట్టారు. మొనే కలప వ్యాపారికి సొమ్ము చెల్లించి, తన పని పూర్తయ్యేదాకా వాటిని నరకకుండా ఆపించాడు. ఆ వరుసలోని ఒక చిత్రానికి కావలసిన వెలుగు రోజుకు ఏడు నిమిషాలే నిలిచేదని అమెరికన్ చిత్రకారిణి లిల్లా కాబట్ పెర్రీ తన జ్ఞాపకాలలో పేర్కొన్నది. అయితే ఆయన చిత్రాలన్నీ ఆరుబయటనే ముగిశాయనుకోరాదు. చాలావాటిని ఆయన చిత్రశాలలో దిద్ది పూర్తిచేశాడు.

ఆరుబయటి శ్రమకు ఆ చిత్రాలే సాక్ష్యం పలుకుతాయి. 1870లో మొనే వేసిన ‘ట్రూవిల్ సముద్రతీరం’ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. గాలికి ఎగిరి తడిరంగులో అంటుకొన్న ఇసుకరేణువులు అందులో నేటికీ ఉన్నాయి. వాన్ గో 1889లో చిత్రించిన ఒక ఆలివ్ తోటలో మిడత అవశేషం చిక్కుకొని ఉన్నట్లు 2017లో అమెరికాలోని ఒక మ్యూజియం వెల్లడించింది.

జీవితమంతా వెలుగును కొలిచిన మొనేకు చివరికి చూపే మసకబారింది. 1912లో ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నట్లు తేలింది. రంగుల తేడా తెలియక, గొట్టాలపై రాసిన పేర్లను, పలకపై వాటిని అమర్చుకొన్న వరుసను నమ్ముకొని చిత్రించవలసి వచ్చింది. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగింది. అయినా కుంచె దించలేదు. తన కొలనులోని కలువలను పెద్ద పెద్ద కాన్వాసులపై చిత్రించి, వాటిని ఫ్రెంచి ప్రభుత్వానికి బహూకరించాడు. 1926 డిసెంబరు 5న ఆయన మరణించాడు. మరుసటి ఏడు మే నెలలో ఆ చిత్రాలు పారిస్‌లోని ఓరాంజరీ భవనంలో ప్రజల దర్శనానికి వచ్చాయి. రెండు అండాకారపు గదుల గోడల చుట్టూ పరచుకొన్న ఆ కొలను నీటిలో ఉదయమూ సాయంత్రమూ ఈనాటికీ కలిసే ఉన్నాయి. వెలుగును ఎవరూ ఆపలేరు. కాని చూడవలసినట్లు చూసినవాడు అది వెళ్లిపోయిన తరువాత కూడా మనకు దానిని చూపగలడు.