గార్ఫీల్డ్ సోబర్స్ తొలినాళ్లు

క్రికెట్ ఆటలో బ్యాటు పట్టి రాణించేవారు వేరు, బంతి విసరి రాణించేవారు వేరు. ఈ రెండు విద్యలలోను ప్రవీణుడై, లేచిన బంతిని ఒడిసిపట్టటంలోను మేటి అనిపించుకొనేవాడు మిక్కిలి అరుదు. మన అవధానికి ఒకవైపు సమస్య, ఒకవైపు దత్తపది, నడుమ అప్రస్తుత ప్రసంగం. ఏ ఒక్కటి జారినా అవధానం చెడినట్లే. అటువంటి బహుముఖ ప్రజ్ఞను మైదానంలో ప్రదర్శించినవాడు వెస్టిండీసుకు చెందిన గార్ఫీల్డ్ సోబర్స్. 1954 నుండి 1974 వరకు 93 టెస్టు పంద్యాలలో 8,032 పరుగులు, 235 వికెట్లు, 109 క్యాచ్‌లు అతని సంపాదన. అయితే విద్యార్థులకు ఈ అంకెలకంటె ఎక్కువ ఉపయోగించేది అతని తొలి ఆరేడేండ్ల చరిత్ర. ఏలయన, ఆ ప్రారంభం మనం ఊహించునట్టిది కాదు.

సోబర్స్ 1936 జూలై 28న బార్బడోస్ ద్వీపంలో, బ్రిడ్జ్‌టౌన్ నగరంలోని బేలాండ్ అనే పేదల పేటలో జన్మించినాడు. పుట్టుకతో రెండు చేతులకును ఆరేసి వేళ్లు. అదనపు వేళ్లు చిన్నతనంలోనే తొలగిపోయినవి. తండ్రి నావికుడు. 1942 జనవరిలో, యుద్ధకాలమున, జర్మను జలాంతర్గామి ఓడను ముంచివేయగా ఆయన మరణించినాడు. కుమారునికి అప్పటికి ఐదేండ్లు. తల్లి థెల్మా ఆరుగురు బిడ్డలను ఒంటిచేతిమీద పెంచినది.

ఇంటికి సమీపముననే వాండరర్స్ క్లబ్బు మైదానం ఉండేది. అది తెల్లవారి క్లబ్బు. నల్లవారి పిల్లవానికి అందులో చోటు లేదు. కాని అభ్యాసవేళ బంతులు వేయుటకు మాత్రం ఎవరికిని అభ్యంతరం లేదు. డెనిస్ అట్కిన్‌సన్ అనే ఆటగాడు వికెట్టు కొయ్యపై ఒక షిల్లింగు నాణెము నిలిపి, పడగొట్టితే అది నీదే అనేవాడు. గురితప్పని బంతి విలువ ఎంతో ఆ పసివానికి అక్కడనే బోధపడినది. పిమ్మట విల్ఫ్రెడ్ ఫార్మర్ అనే పోలీసు అధికారి, ఈ బాలుని తమ జట్టులో ఆడించుటకై, పోలీసు బ్యాండులో బూర ఊదే ఉద్యోగం ఇప్పించినాడు. కళకు ఆశ్రయం ఎన్ని రూపాలలోనైనా దొరకవచ్చును!

అతని తొలి ఫస్ట్‌క్లాసు పంద్యం మన భారత జట్టుతోనే జరిగినది. 1953 జనవరి చివర బార్బడోస్ పక్షాన బరిలోకి దిగి, పదహారేండ్ల సోబర్స్ మొత్తం 7 వికెట్లు తీసినాడు. మరుసటి ఏడు మార్చి 30న, ప్రఖ్యాత బౌలరు వాలెంటైన్ అస్వస్థుడు కాగా, కింగ్‌స్టన్‌లో ఇంగ్లండుతో టెస్టు ఆడుటకు పిలుపు వచ్చినది. 75 పరుగులిచ్చి 4 వికెట్లు తీసినాడు. బ్యాటింగు వరుసలో అతని స్థానం తొమ్మిదవది! రానున్న కాలంలో జగత్తును మురిపించిన బ్యాటు ఆనాడు 14, 26 పరుగులతో తృప్తిపడినది.

ఆ తరువాతి నాలుగేండ్లు పరీక్షాకాలము. 1955లో ఆస్ట్రేలియాపై బ్రిడ్జ్‌టౌన్‌లో తొలి బ్యాటరుగా పంపగా, మిల్లర్ వంటి ఉద్దండుని బంతులను నిర్భయంగా బౌండరీలకు తరలించి 43 పరుగులు చేసినాడు. కాని మెరుపు వేరు, వర్షం వేరు. 1956లో న్యూజిలాండులో అతని బ్యాటు మూగపోయినది. 1957 ఇంగ్లండు పర్యటనలోను టెస్టు శతకం రాలేదు. అయినను ఎంపికదారులు అతనిని విడువలేదు.

వారి ఓపిక 1958 ఫిబ్రవరి, మార్చి నెలల సంధిలో ఫలించినది. కింగ్‌స్టన్‌లో పాకిస్తానుపై సోబర్స్ సాధించిన మొదటి శతకం, శతకముతో ఆగలేదు. కాన్రడ్ హంట్‌తో కలిసి 446 పరుగులు జోడించి, పది గంటలకు పైగా ఆడి, 365 పరుగులతో అజేయుడై నిలిచినాడు. 1938లో హటన్ నెలకొల్పిన 364 పరుగుల రికార్డు దానితో చెదిరినది. పాకిస్తాను బౌలర్లలో కొందరు గాయపడి ఉండిన మాట నిజమే. కాని తరువాతి టెస్టులోనే 125, అజేయంగా 109 చేసి, అది కేవలం అదృష్టఫలం కాదని రుజువు చేసినాడు. ఆ ఏడు చివర మన దేశానికి వచ్చి బొంబాయి, కాన్పూరు, కలకత్తా నగరాలలో శతకాలు చేసినాడు. ఇంగ్లండులో రాడ్‌క్లిఫ్ క్లబ్బుకు ఆడుతూ, స్పిన్నుతోపాటు వేగపు బంతిని కూడా అభ్యసించినాడు.

ఇట్టి వెలుగులో ఒక చీకటి. 1959 సెప్టెంబరులో ఒక రాత్రి లండనుకు పోతూండగా, సోబర్స్ నడుపుతున్న కారు పశువులను తరలించే లారీని ఢీకొన్నది. అతని ప్రాణమిత్రుడు, జమైకాకు చెందిన ఆటగాడు కాలీ స్మిత్ ఆ గాయాలతో 26 ఏండ్లకే కన్నుమూసినాడు. ఆ వేదన సోబర్స్‌ను చాలకాలం వెంటాడినది. త్రాగుడులో మరపు వెతికినట్లు తానే చెప్పుకొన్నాడు. ఇకమీదట తన కొరకే గాక కాలీ కొరకు కూడా ఆడవలెనన్న తలంపే అతనిని మరల నిలబెట్టినది. 1960 జనవరిలో స్వస్థలమైన బ్రిడ్జ్‌టౌన్‌లో ఇంగ్లండుపై 226 పరుగులు చేసినాడు. అదే ఏడు డిసెంబరులో బ్రిస్బేన్‌లో, టెస్టు చరిత్రలో మొట్టమొదటిసారిగా సమానంగా ముగిసిన పంద్యంలో, 132 పరుగులు చేసినాడు.

365 పరుగుల రికార్డు ముప్పదియారేండ్లు నిలిచి, 1994లో బ్రయన్ లారా చేతిలో దాటబడినది. ఆనాడు మైదానంలోకి నడచి వచ్చి లారాను అభినందించినవాడు సోబర్సే.

ఉపాధ్యాయులారా, తొమ్మిదవ స్థానంలో నిలిపినవారు అతనిని అక్కడనే మరచిపోలేదు. నాలుగేండ్లు ఫలితం రాకున్నను చోటు తీసివేయలేదు. మన తరగతులలో వెనుక బల్లపై కూర్చున్న బాలునకు కావలసినది కూడా అంతటి ఓపికయే.