పనిదినములకు పప్పుధాన్యపు పొడులు

కర్నూలు, కడప సీమలలో కలుపుతీతలు, కోతలు జరుగు దినములందు గృహిణి పొద్దు గుంకిన పిదప గాని ఇల్లు చేరదు. పప్పు నానవేసి, ఉడికించి, మెదిపి వండుటకు అప్పుడామెకు తీరిక యుండదు. సంకటి కెలికి, ఊరుబిండితోనో మిరపకారముతోనో ఆ పూట గడుపుదురు. ఇంట పండిన కందులు, ఉలవలు మాత్రము కళ్లము నుండియే అంగడికి పోవుచుండును. పండించినవాని పళ్లెములో పప్పు కానరాకుండుటకు పేదరికమొక్కటే కారణము కాదు; వండుటకు వ్యవధి లేకుండుటయు నొక కారణమే. ఈ రెండవ కారణమును ఇంటనే తొలగించుకొనుటకు ఉపాయము కలదు. తీరిక గల దినమున ధాన్యమును వేయించి పొడిగొట్టి యుంచుకొన్నచో, పనిదినమున పావుగంటలో కూర సిద్ధమగును.

సంకటికి పప్పు తోడు కావలయుననుట రుచి కొరకు మాత్రమే కాదు. జొన్న, కొర్ర, రాగి మొదలగువాని మాంసకృత్తులలో లైసిన్ అను అంశము కొరవడియుండును. పప్పుధాన్యములలో అది సమృద్ధిగా నుండి, మెథియోనిన్ అను మరియొక అంశము కొరవడును. ఒకదాని లోటును మరియొకటి తీర్చును గనుక, రెండును దినసరి ఆహారమునందు చేరినచో దేహమునకు మేలైన పుష్టి కలుగును. నూరు గ్రాముల ఉలవలలోగాని కందిపప్పులోగాని సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుండును.

ఇందులకు కావలసిన సరకంతయు మన పొలములలోనే కలదు. నంద్యాల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగళ్లలో శనగ పండును. ఎఱ్ఱనేలలలో వేరుశనగ నడుమ కంది సాళ్లు వేయుదురు. వానలు తప్పి అదను మించిన యేటను ఉలవ చేతికి వచ్చును. ఉడికిన గుగ్గిళ్లు ఎద్దులకు వేసి, ఆ కట్టుతో మనుష్యులు చారు కాచుకొనుట మన సీమలో పాత అలవాటు. పుష్టిలో పెద్దభాగము గింజయందే నిలిచి ఎద్దునకు పోవుచున్నదని గ్రహింపవలెను. గింజనే పొడిచేసినచో ఆ నష్టముండదు.

పొడి చేయు విధము: ఉలవలు అర కిలో, కందిపప్పు పావు కిలో, శనగపప్పు పావు కిలో, ధనియాలు 100 గ్రాములు, ఎండుమిరపకాయలు 50 గ్రాములు, జీలకర్ర 30 గ్రాములు, మిరియాలు 10 గ్రాములు తీసికొనవలెను. ఉలవలలో మట్టిబెడ్డలు, రాళ్లు ఎక్కువగా నుండును గనుక చెరిగి, కడిగి, ఎండలో బాగుగా ఆరబెట్టవలెను. ఒక్కొక్క దినుసును వేరువేరుగా, సన్నని సెగపై వేయింపవలెను. అన్నిటిని ఒకేసారి వేసినచో చిన్నగింజ మాడును, పెద్దగింజ పచ్చిగా నిలుచును. ఉలవ చిటపటలాడి, రంగు ముదిరి, పంటికింద పటుక్కున విరిగినచో వేగినట్లు గుర్తు. పూర్తిగా చల్లారిన పిమ్మటనే మరపట్టవలెను. వేడిమీద పట్టిన పొడికి చెమ్మ పట్టును. ఉప్పు, చింతపండు, వెల్లుల్లి పొడిలో కలుపరాదు. అవి తేమను తెచ్చును.

మన యిండ్లలో పప్పులపొడి వాడుక యున్నదే. అది అన్నమున కలుపుకొనునది. ఇది ఉడికించి తినవలసినది. పచ్చి పప్పుధాన్యములలో జీర్ణక్రియకు అడ్డుతగులు పదార్థములుండును. వేడివలన అవి నశించును. కావున వేయించితిమిగదా యని ఉడికించుట మానరాదు. అయిదుగురికి ఎనిమిది చెంచాల పొడిని, అనగా సుమారు 125 గ్రాములను, చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, మరుగుచున్న లీటరుంబావు నీటిలో పోసి, కలియబెట్టుచు పది నిమిషములు ఉడికింపవలెను. పొడిని నేరుగా వేడినీట వేసినచో ఉండకట్టి లోపల పచ్చిగా నుండును. పులుపు ముందుగా పడినచో పప్పు ఉడుకుట ఆలస్యమగును గనుక, చింతపండు రసము, ఉప్పు చివర వేసి పోపు పెట్టవలెను. దీనివలన మనిషికి ఆ పూట సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు అదనముగా లభించును.

అంగడిలో దొరకు రాజ్మా గింజలను ఈ విధముగా వేయించి పొడిచేయరాదు. వానిలోని విషపదార్థము నానబెట్టి బాగుగా మరుగనిచ్చి ఉడికించిననే పోవును.

నిలువ సంగతి: పుచ్చుపురుగు చేనియందే కాయలపై గ్రుడ్లు పెట్టి, గింజతో గూడ ఇంటికి వచ్చును. వేపుటచే ఆ గ్రుడ్లు, పురుగులు చచ్చును. అయినను పొడి చెమ్మను త్వరగా పీల్చును గనుక, మూడు వారములకు సరిపడునంతయే చేసి, మూత బిగువైన పొడిడబ్బాలో నుంచి, తడిలేని చెంచాతో తీయవలెను. ముక్కవాసన గాని బూజు గాని తగిలినచో పారవేయవలెను.

పిల్లల కొరకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ‘హైదరాబాద్ మిక్స్’ అను పొడిని రూపొందించిరి. అందు వేయించిన గోధుమలు 40 పాళ్లు, శనగపప్పు 16 పాళ్లు, వేరుశనగ గింజలు 10 పాళ్లు, బెల్లము 20 పాళ్లు. మన సీమలో గోధుమకు బదులు కొఱ్ఱబియ్యముగాని రాగులుగాని వాడుకొనవచ్చును. వేరుశనగలో బూజుపట్టినవి, ముడుతపడినవి, రంగుమారినవి తప్పక ఏరివేయవలెను. వానియందలి అఫ్లాటాక్సిన్ అను విషము కాలేయమును చెరచును, వేపినను పూర్తిగా పోదు. గింజలలో నూనె యుండుటచే ఈ పొడిని మరింత కొద్దిగా చేసికొనవలెను.

ఒక్కొక్క ఇంట వేపుట శ్రమయని తోచినచోట, సంఘసభ్యులు పదికుటుంబములు కలిసి పెద్ద మూకుడును, చిన్న మరను వంతులవారీగా వాడుకొనవచ్చును. అమ్మకమునకు పూనుకొన్నచో 2006 సంవత్సరపు ఆహారభద్రతా చట్టము ననుసరించి నమోదు చేయించుకొనవలెను.

కడపట ఒక లెక్క. పై కొలతలో కిలో పప్పుధాన్యపు పొడి అయిదుగురికి సుమారు తొమ్మిది పూటలకు వచ్చును. వారమునకు మూడు పూటలు వండినచో సంవత్సరమునకు సుమారు 18 కిలోలు చాలును: ఉలవలు తొమ్మిది, కందిపప్పు నాలుగున్నర, శనగపప్పు నాలుగున్నర. బస్తాలు కుట్టి బండికెత్తకముందే ఈ కొద్దిపాటి గింజను కొలిచి ఇంటిలో వేరుగా నుంచుడు. అమ్మిన పిదప అదే పప్పును అంగడిలో అధికధరకు కొనవలసి వచ్చును. కొనలేని నెలలలో పిల్లలు కారముతోనే సంకటి తిందురు.