హెడ్‌సెట్, మౌస్ కొనేముందు

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! కంప్యూటర్ ఆటల కోసం మేము మొదట కొన్న హెడ్‌సెట్ అమ్మ శెనక్కాయలు ఒలిచిన కూలి డబ్బులది. మైకు పలకలేదు. లోపం మా తెలియనితనానిది. చెప్పేవారు ఇంట్లో లేరు. అందుకే మీకు చెబుతున్నాము.

పిన్నుపై మూడు గీతలుంటే వినికిడి, మైకు రెండూ అందులోనే. పాత కంప్యూటర్లకు మైకు రంధ్రం వేరు. స్ప్లిటర్ తగిలించాలి, లేదా యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఆటకు వైరుదే మేలు.

మౌస్‌ను అంగుళం జరిపితే బాణం గుర్తు ఎన్ని చుక్కలు కదులుతుందో చెప్పేది డీపీఐ. 800–1600 చాలు. గాజుబల్లపై మౌస్ తడబడితే కింద అట్ట వేయండి.

80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చెవులు మళ్ళీ కొనలేము.

ఉరవకొండ నుండి అనంతపురం బస్సెక్కే ముందు కంప్యూటర్ వెనుక రంధ్రాలు చూసి వెళ్ళండి.