నెత్తురు రంగు మార్చిన గాయము మానునా?

ఆషాఢము గడచుచున్నను వాన జాడ లేని సంవత్సరములు అనంతపుర సీమకు క్రొత్తవి కావు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే దిక్కైన ఈ మెట్టనేలలో, విత్తవలసిన వేరుసెనగ మూటలయందే యుండగా, రచ్చకట్టమీద వేపచెట్టు నీడను నలుగురు బాలురు ఒక్క సెల్లు ఫోనుపై తలలు వంచి కూర్చుండుట నేడు పల్లెలందు తఱచుగా కానవచ్చు దృశ్యము. ఆ చిన్న పలకలో కత్తులు దూయుదురు, తుపాకులు పేల్తురు, ఒకరి నొకరు చంపుకొందురు, చచ్చినవాడు కొంతసేపటికే లేచి మరల ఆటకు దిగును. ఇట్టి ఆటలను ప్రభుత్వమువారు నిషేధింపరాదాయని తండ్రులు కొందఱు అడుగుచున్నారు. ఆటయే గదా, పోనిండని మఱికొందఱు చెప్పుచున్నారు. ఈ రెండును తొందరపాటు మాటలేయని మాకు తోచుచున్నది. లోకములో ఇంతవఱకు ఏమి నిషేధించిరో, ఎందులకు నిషేధించిరో, దానివలన ఏమి ఫలించెనో విచారింపక తీర్పు చెప్పుట పెద్దలకు తగదు.

ఈ విచారమునకు జపాను కత్తియాట యొకటి మంచి నిదర్శనము. ఓసాకా నగర ప్రాంతపు సంస్థయగు ఎస్.ఎన్.కె. వారు 1993లో ‘సామురాయ్ స్పిరిట్స్’ అను వీడియో గేమును విడుదల చేసిరి. ఇతర దేశములలో దానికి ‘సామురాయ్ షోడౌన్’ అని పేరు. సామురాయులనగా జపాను దేశపు పూర్వపు యోధవర్గమువారు. అంతకు ముందు ప్రసిద్ధమైన పోరాటపు ఆటలలో ముష్టిఘాతములు, కాలితన్నులు మిక్కుటముగా నుండెడివి. ఇందు కత్తియే ప్రధానము. కాచుకొని సరియైన సమయమున కొట్టిన ఒక్క వ్రేటుతో ప్రత్యర్థి ప్రాణశక్తి చాలవఱకు తగ్గిపోవును. వ్రేటు పడిన చోట ఎఱ్ఱని నెత్తురు చిమ్మును. తుదివ్రేటుకు మనుష్యుడు రెండు తునుకలగుటయు కలదు. ఇంట ఆడుకొను యంత్రముకొఱకు ఇంగ్లీషున సిద్ధపఱచిన ప్రతియందు ఆ నెత్తురును తెల్లగా మార్చిరి. తునుకలగు దృశ్యమును తొలగించిరి. కత్తి మాత్రము కత్తిగానే యుండెను. చంపుటయు నటులే యుండెను. రంగొక్కటియే మారెను.

ఆ 1993వ సంవత్సరముననే అమెరికాలో ‘మోర్టల్ కాంబ్యాట్’ అను మఱియొక ఆటకును ఇదే గతి పట్టెను. నింటెండో వారు తమ యంత్రమున నెత్తురునకు బదులు చెమటను చిమ్మించిరి. సెగా వారు నెత్తురును దాచియుంచి, రహస్యపు మీటల వరుస తెలిసినవారికి అది కనబడునట్లు చేసిరి. బాలురు ఏది కొనిరో వేఱుగా చెప్ప నవసరము లేదు. సెగా వారి ప్రతియే ఎక్కువగా అమ్ముడుపోయెను. ఆ డిసెంబరులో అమెరికా సెనేటు సభ్యులు ఈ విషయమై విచారణ సలిపిరి. దాని ఫలితముగా 1994లో ఆటల పెట్టెలపై ఏ వయసువారికి తగునో ముద్రవేయు సంఘమొకటి ఏర్పడెను. పిమ్మట నింటెండో వారు తామే పట్టు సడలించి, ఆ ఆట రెండవ భాగమున నెత్తురును ఉండనిచ్చిరి. దాచుటకంటె చెప్పుట మేలని వ్యాపారులు సైతము గ్రహించిరన్నమాట.

ఇక మనదేశపు సంగతి. 2020 సెప్టెంబరు 2వ తేదీని భారత ప్రభుత్వమువారు పబ్జీ మొబైలుతో కూడ 118 యాపులను నిషేధించిరి. చాలమంది తలిదండ్రులు ఆనాడు సంతోషించిరి గాని, ఆ నిషేధమునకు కారణము పిల్లల మనస్సు గాదు. దేశ సార్వభౌమత్వము, భద్రత యను కారణములనే ప్రభుత్వమువారు చూపిరి. 2021 జూలైలో అదే ఆట పేరు మార్చుకొని, ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ యనుచు తిరిగి వచ్చెను. అప్పుడు కంపెనీవారు నెత్తురును ఆకుపచ్చగా చేసిరి. పదునెనిమిదేండ్ల లోపువారికి దినమునకు మూడు గంటలని హద్దు పెట్టిరి. 2022 జూలైలో అదియు నిలిచిపోయెను. 2023 మే నెలలో మరల వచ్చెను. ఇంతలో మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2020లో ఆన్‌లైను రమ్మీ, పోకరు ఆటలను నిషేధించిరి. 2025లో పార్లమెంటువారు డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలన్నిటిని మాన్పుచు చట్టము చేసిరి. అవి కుటుంబముల ధనమునకు సంబంధించిన చట్టములు, మంచివే కావచ్చును. కాని దేశభద్రత వేఱు, జూదము వేఱు, బాలుని మనస్సున పడు కత్తివ్రేటు వేఱు. ఈ మూడింటిని ఒక్క గంపలో వేసి నిషేధమని పిలుచుటచేతనే మన చర్చ తెగక యున్నది.

హింసాత్మకమైన ఆట ఆడినవాడు హింసకుడగునా? అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘమువారు 2020లో తమ అభిప్రాయమును మరల ప్రకటించిరి. ఇట్టి ఆటలకును, కేకలువేయుట, నెట్టుట మొదలగు దుడుకుతనమునకును స్వల్పసంబంధము కలదనిరి. హత్యలవంటి ఘోరకృత్యములకు ఆటలే కారణమనుటకు చాలినంత సాక్ష్యము లేదనిరి. మన సీమ చరిత్రయు ఈ మాటనే బలపఱచుచున్నది. ఇచటి ముఠాకక్షలు సెల్లు ఫోను పుట్టకపూర్వపువి. వేటకొడవలి పట్టినవాడు ఏ యాటలోను దానిని నేర్వలేదు. నాటుబాంబు చుట్టినవాడు ఏ యంత్రమును చూచి చుట్టలేదు. పొలముగట్టు, ఊరిపెత్తనము, ఎన్నికలు, కంట్రాక్టులు, తండ్రి పగను కొడుకు మోయవలెనను దురాచారము — ఇవియే ఆ విద్యకు గురువులు. 2005 జనవరి 24వ తేదీని అనంతపుర పట్టణమున శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర హత్యకు గుఱియైన దినమును మఱచినవా రీ జిల్లాలో లేరు. ఆనాడు చిందిన నెత్తురునకు రంగు మార్చగల సెన్సారు ఎచట నున్నది?

అట్లయిన ఆటలతో మనకు పేచీ యేమి? ఉన్నది. నెత్తురు కనబడుట మా ఆక్షేపణ గాదు. వ్రేటు నుంచి గాయమును దాచుటయే మా ఆక్షేపణ. ఆకుపచ్చని నెత్తురు చూచిన బాలునికి కొట్టవచ్చునని తెలియును. కొట్టిన నేమగునో తెలియదు. మన సినిమాలును ఈ పనినే చేసినవి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చినపుడు రాష్ట్రమంతయు ఈలలు వేసెను. వాహనములు గాలిలో లేచుట, కొడవళ్లు మెఱయుట అందఱును చూచిరి. నరుకబడినవాని భార్య పదేండ్లు కోర్టు మెట్లెక్కుట, ఊరు విడిచిన కుటుంబముల పొలములు బీళ్లగుట చూపినవారు అరుదు. తెరపై నెత్తురు ఎఱ్ఱగానే యుండెను గాని, గాయము అచటను దాచబడెను.

మన పూర్వులు ఇట్లు చేయలేదు. ఈ సీమ పల్లెపొలిమేరలలో నేటికిని వీరగల్లులు నిలిచియున్నవి. పసులమందను కాపాడుచునో, ఊరికొఱకు పోరుచునో పడినవారికి నిలిపిన రాళ్లవి. వానిలో పెక్కింటియందు క్రింది అరలో పోరు, దానిపైని అప్సరసలు మృతవీరుని కొనిపోవుట, ఆపైని స్వర్గము చెక్కబడియుండును. శిల్పి కత్తిని చెక్కిన రాతిమీదనే చావును గూడ చెక్కెను. ఆ రాతిని చూచిన బాలుడు వీరుడు తిరిగి లేచునని భ్రమపడడు.

గుత్తికి సమీపమున, కర్నూలు జిల్లాలోనున్న ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు కలవు. అందు పదుమూడవది కళింగయుద్ధపు శాసనము. లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, అంతకు పెక్కురెట్లు మరణించిరనియు, అందులకు తాను పరితపించుచున్నాననియు ఆ చక్రవర్తి తన నేరమును తానే లెక్కలతో చెప్పుకొనెను. జయించినవాడు తన గెలుపును గాక గాయమును రాతికెక్కించుట లోకచరిత్రలో అరుదు. అయినను ఒక విశేషము కలదు. ఆ కళింగమునందే, ధౌలిలోను జౌగడలోను, ఈ శాసనమును చెక్కింపలేదు. దానికి మాఱుగా అచటి ప్రజలను బిడ్డలుగా చూచుచున్నానని చెప్పు వేఱు శాసనములు వేయించెను. కారణము ఆయన తెలుపలేదు. గాయపడినవారికి వారి గాయమును బండకెక్కించి చూపుట కటికతనమని తలచెనేమో! ఎవరికి చూపవలెను, ఎవరికి చూపరాదు అను వివేకము వేఱు. చూపవలసినదానికి రంగు మార్చి చూపుట వేఱు. మొదటిది మర్యాద, రెండవది అబద్ధము.

కాబట్టి మా మనవి యిది. సినిమాకు 1952 నాటి చట్టము కలదు. 2023 సవరణచే 7, 13, 16 ఏండ్ల తరగతులు ఏర్పడినవి. వీడియో గేములకు అట్టి చట్టబద్ధమైన ముందస్తు పరిశీలన మనదేశమున లేదు. ప్రభుత్వమువారు ఒకనాడు మూసి మఱునాడు తెఱచుట మాని, ఏ యాట ఏ వయసువారికి తగునో తెలుగున స్పష్టముగా ముద్రింపజేయవలెను. మూసినయెడల కారణమును దాచక చెప్పవలెను. తలిదండ్రులు ఫోను లాగుకొనుటకు ముందు ఒక గంట బిడ్డ ప్రక్కను కూర్చుండి ఆ యాటను చూడవలెను.

భూవసతిగల పెద్దలకు ఇంకొక మాట. ఈ సీమ బాలురకు కొడవలి నిచ్చినది జపాను కంపెనీ గాదు. రాత్రి భోజనానంతరము మన వసారాలలో, పిల్లలు వినుచుండగా, ఏ యేట ఎవని నెట్లు నఱికిరో, మనవారి మగతన మెట్టిదో మీసము దువ్వుచు చెప్పు కథలున్నవే — వానికి ఏ సెన్సారు బోర్డును లేదు. అందును గాయముండదు, వ్రేటు మాత్రమే యుండును. ఆ కథ చెప్పునపుడు చచ్చినవాని తల్లి సంగతియు, బీడుపడిన చేని సంగతియు కూడ చెప్పుడు, చెప్పలేకున్న ఊరకుండుడు. మన యింటి నిషేధము మన నోటనుండియే మొదలుకావలెను. అటుపిమ్మట ఆ ఫోనులోని నెత్తురు ఏ రంగుదో తీరికగా విచారింపవచ్చును.