మీకు తెలుసా? మూడక్షరాల 'రన్' ఎంత బరువు మోస్తుందో!

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న క్రియ ఏదో చెప్పుకోండి చూద్దాం! 'గో' కాదు. 'గెట్' కూడా కాదు. మూడే అక్షరాల 'రన్'! ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు లెక్క తేల్చిన అర్థాలు 645!

ఆ చిక్కుముడిని విప్పింది పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు. ఎంతకాలం పట్టిందో తెలుసా? 9 నెలలు! ఒక్క మాటకే!

అంతకుముందు 'సెట్'దే రాజ్యం. 1989 నాటి ముద్రణలో దానికి 430 అర్థాలు! దాని సింహాసనాన్నే 'రన్' లాగేసుకుంది!

అసలు తమాషా ఇప్పుడు వినండి. హైదరాబాద్ మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే తార్నాక. ఆ కాస్త దూరంలోనే 'రన్' ఎన్ని వేషాలు వేస్తుందో! మెట్రో నడుస్తుంది. కింద ఇళ్లలో బోరు మోటారు తిరుగుతుంది. థియేటర్లో సినిమా ఆడుతుంది. జలుబు చేసిన పిల్లాడి ముక్కు కారుతుంది. బకెట్లో నానేసిన కొత్త చున్నీ రంగు దిగుతుంది. ఇంగ్లీషుకి ఇవన్నీ 'రన్'లే! ఇంకా ఉంది. అమెరికాలో ఎన్నికలకు 'రన్' చేస్తారు. మనవాళ్లు ఎన్నికల్లో నిలబడతారు! అక్కడ పరుగు, ఇక్కడ నిలకడ! ఇంట్లో బియ్యం అయిపోతే ఇంగ్లీషువాడికి 'రన్ అవుట్'. మన అమ్మలు మాత్రం 'బియ్యం నిండుకున్నాయి' అంటారు! ఖాళీ అనే మాట నోట రానివ్వరు! ఎంత అందమైన అలవాటండీ! ఒక్క 'రన్' చోట తెలుగులో 7 క్రియలు!

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఎవరినైనా అడగండి, 'రన్నింగ్ రూమ్' అంటే ఏమిటని. అక్కడ ఎవరూ పరుగెత్తరు! రైలు నడిపి అలసిపోయి వచ్చిన లోకో పైలట్లు అన్నం తిని, మంచమెక్కి, హాయిగా నిద్రపోతారు! 1966లో మొదలైన దక్షిణ మధ్య రైల్వేలో ఇది రోజూ వినిపించే మాటే.

క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. మరి ఒక్క 'రన్' కోసం అంతా పరుగెత్తాలా? అక్కర్లేదు! క్రీజు నుంచి క్రీజుకి 58 అడుగులే!

ఇంత చిక్కు ఇంగ్లీషును నేర్పే బడి మన తార్నాక పక్కనే ఉంది, దాని కథ ఇంకా గమ్మత్తు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది ఉస్మానియా విశ్వవిద్యాలయం. దేశం మొత్తానికీ ఇంగ్లీషు బోధన నేర్పే కేంద్ర సంస్థ 1958లో ఎక్కడ వెలిసిందనుకున్నారు? ఆ క్యాంపస్‌లోనే! అదే ఇవాళ్టి ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. ఉర్దూ గడపలోకి ఇంగ్లీషు బడి రావడానికి సరిగ్గా 40 ఏళ్లు!

పిల్లలు 'రన్, ర్యాన్, రన్' అని ఎందుకు బట్టీ కొడతారో తెలుసా? ఇంగ్లీషులో జనం అత్యధికంగా వాడే 10 క్రియలూ ఇలా దారి తప్పినవే! 'గో' చూడండి, 'వెంట్' అయిపోతుంది! ఎంత ఎక్కువ వాడితే అంత మొండి!

మరి మన దగ్గర 'రన్'కి జోడీ లేదా? ఎందుకు లేదు, 'ఆడు' ఉందిగా! పిల్లలు బంతి ఆడతారు. సినిమా ఆడుతుంది. ఊపిరి ఆడుతుంది. గానుగ ఆడుతుంది. జలకాలాడతాం. అబద్ధమాడతాం. పెళ్లాడతాం. అప్పుడే 7! మిగతావి మీరు లెక్కపెట్టండి!